కంప్యూటరుకు పెట్టిన బొట్టు

అసలు నడవని యంత్రంతో మనిషికి పేచీ లేదు, మూలకు పడేసి మరిచిపోతాడు. ఎప్పుడూ నడిచేదాని సంగతీ అంతే, అది ఉందన్న ధ్యాసే ఉండదు. ఇవాళ నడిచి, రేపు మొండికేసి, ఎల్లుండి ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేదే మనిషిని కాల్చుకు తింటుంది. మా చిన్నాయన నర్సింహ దగ్గర అలాంటి కంప్యూటరు ఒకటి ఉండేది. ఆయన వయసును అదే మింగేసిందని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. ఆయన ముందు మాత్రం ఎవరమూ నోరు విప్పలేదు.

చిన్నాయన పోయిన నెలకు మాసికం పెట్టాం. వచ్చిన నలుగురు చుట్టాలూ తిని వెళ్లాక, పాత ఇంటికి తీసుకుపొమ్మని అమ్మ నా ప్రాణం తీసింది. ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటికీ నేను కట్టుకున్న ఇంటికీ మధ్య రెండు గల్లీలే. అయినా చిన్నాయన ఉన్నన్నాళ్లూ అమ్మ ఆ ఇల్లు కదల్లేదు, ఆయన పోయాకనే నా దగ్గరికి వచ్చింది. ఆ గది తాళం తీస్తే ఇంకా ఆయన వాసనే, కొబ్బరినూనె, విత్తనాల దుకాణం మందుల వాసన కలిసి. అల్మారా కింది అరలో దుప్పటి కప్పి ఉన్న కంప్యూటరును అమ్మ తడిమి చూసుకుంది.

"గిది ఒక్కసారి నడుస్తదేమో సూడు పద్మా."

"ఇప్పుడెందుకమ్మా? దాన్నెవరు వాడుతరు?"

"వాడనీకి గాదు. గా దినం ఎందుకు నడ్వలేదో నాకు తెల్వాలె. ఆని తప్పా, దాని తప్పా, దేవుని తప్పా? తెల్వకుంట పోతే నా పాణం ఊకుండదు."

గా దినం అంటే ఏ దినమో మా ఇంట్లో విప్పి చెప్పక్కర్లేదు. నేను కొలువంతా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. మల్టీమీటరు పట్టడం, సోల్డరు పెట్టడం వచ్చు. రాకపోయినా ఆ ముసలామె మొహం చూసి కాదనలేకపోయేదాన్ని. దుప్పటితో సహా చంకనబెట్టుకుని ఇంటికి తెచ్చాను.

అది మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చిన్నాయన డిప్లొమా ముగించి పట్నంలో టీవీలు బిగించే చిన్న కార్ఖానాలో పనిచేస్తుండేవాడు. ఒక సాయంత్రం బస్సు దిగి, దుప్పట్లో చుట్టిన మూటను రెండు చేతులా పొదివి పట్టుకుని వచ్చాడు. ఏ హార్మోనియమో అనుకున్నాం. విప్పితే నల్లటి పలక, మీద టైపుమిషనుకున్నట్టు అక్షరాల మీటలు, వెనక అంచున వేడి పోవడానికి సన్నటి చీలికలు. తెర లేదు. దాన్ని టీవీకి తగిలించుకోవాలట. కోఠిలో సెకండ్‌హ్యాండుకు కొన్నాడు. మూత విప్పితే మళ్లీ నా దుకాణం గడప తొక్కకు అని అమ్మినవాడు చెప్పి పంపాడట. ఆ మాటకు చిన్నాయన చాలా కాలం కట్టుబడే ఉన్నాడు.

బాపు అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయనకు తమ్ముడంటే ప్రాణం, తమ్ముణ్ని ఆటపట్టించడం అంతకంటే ఇష్టం.

"గిందుల ఏముందిర నర్సిమ్మ?"

"అన్నీ ఉన్నయన్న. మనం ఏం జెప్తే గది జేస్తది."

"గట్లయితె రేపు నీళ్లు వెట్ట పొమ్మని జెప్పు. నేను జర పంటా."

ఇంటిల్లిపాదీ నవ్వాం. చిన్నాయన నవ్వుతూనే తీగలు తగిలించి స్విచ్ మీద చెయ్యి పెట్టబోతుంటే, "ఆగాగు, బొట్టు వెట్టకుంట ఎట్ల?" అని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మా అమ్మ భక్తి గురించి చెప్పాలి. గుళ్లకు పెద్దగా పోయేది కాదు, ఆమె దేవుళ్లు ఇంట్లోనే తిరిగేవాళ్లు. బావి దగ్గరి మోటారు, దాని స్టార్టరు డబ్బా, బాపు సైకిలు, కుట్టుమిషను, రేడియో, చివరికి మా కాలేజీకి నేను కొనుక్కున్న జామెట్రీ పెట్టె, అన్నిటికీ శుక్రవారం శుక్రవారం బొట్టు పడాల్సిందే. మనకు అన్నం పెట్టేదానికి మనం బొట్టు పెట్టకపోతే అది అలుగుతుందని ఆమె నమ్మకం. కంప్యూటరుకు నుదురెక్కడో కూడా తనే తేల్చింది. మీటలు ముఖమట, వాటికి పైన ఉన్న జాగా నుదురట. సరిగ్గా ఆ జాగాలోనే గాలి చీలికలున్నాయి. పసుపునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఉంగరపు వేలితో నిండుగా బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు చల్లి, "ఇగ వెయ్యిర" అంది. తెర మీద చిన్న గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ నిలబడింది. చిన్నాయన ఏవో నాలుగు ముక్కలు కొడితే నా పేరు తెర నిండా పై నుంచి కిందికి పారింది. ఆ రోజు మా ఇంట్లో నాకంటే గొప్పది లేదు.

చిన్నాయనకూ అమ్మకూ ఉన్న బంధం చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు. అమ్మ కాపురానికి వచ్చేనాటికి చిన్నాయనకు పాలపళ్లు ఊడుతున్నాయి. మరుసటి ఏడే మా నాయనమ్మ పోయింది. నాకంటే, నా తమ్ముడికంటే ముందు అమ్మ ఎత్తుకుని తిరిగిన పిల్లవాడు ఆయనే. పెద్దవాడై కొలువు చేస్తున్నా ఆయనకు కంచంలో అన్నం పెడితే చాలదు, మొదటి ముద్ద అమ్మ కలిపి చేతిలో పెట్టాలి. "గడ్డమొచ్చినంక గుడ గిదేంది రా" అని బాపు నవ్వేవాడు. "నీకెందుకు కుళ్లు" అనేది అమ్మ. పట్నం నుంచి ఆలస్యమైన రోజుల్లో ఆ ముద్ద కోసం ఆమె తినకుండా కూర్చునేది.

అమ్మ బజారు కుంకుమ ముట్టేది కాదు. అందులో రంగు కలుపుతారని ఆమెకు చీదర. మాఘమాసంలో పసుపు కొమ్ములు తెప్పించి ముక్కలు కొట్టి, నిమ్మరసం పిండి, పటిక, వెలిగారం కలిపి, రాగి పళ్లెంలో ఊరబెట్టేది. పసుపు ముక్కలు మెల్లగా ఎరుపెక్కుతుంటే మేం గంటకోసారి పోయి తొంగి చూసేవాళ్లం. నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, తెల్లటి గుడ్డలో జల్లించి, చివర నాలుగు నెయ్యిచుక్కలు వేసి వేళ్లతో కలిపేది. పులుపు, పసుపు, నెయ్యి కలిసిన ఆ వాసన ఇల్లంతా పట్టేసేది. వాడకట్టు ఆడవాళ్లంతా చిన్న చిన్న బరిణెలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ ఎరుపు అంత తేలిగ్గా పోయేది కాదు, గడప మీద పడితే వానకు కూడా కరిగేది కాదు. అమ్మకు అదో గర్వం.

మొదటి ఎండాకాలమంతా కంప్యూటరు చక్కగా నడిచింది. వానలు పడగానే మొదలైంది దాని వేషం. స్విచ్ వేస్తే గీత బదులు తెర నిండా చిన్న చిన్న గళ్లు, కోళ్లు తొక్కిన ముగ్గులా. ఆపి వేస్తే ఒక్కోసారి సర్దుకునేది. ఒక్కోసారి ఎంతకీ సర్దుకునేది కాదు. చిన్నాయన తీగలు మార్చాడు, ప్లగ్గు మార్చాడు, టీవీ వెనక తట్టాడు. ఎడమ మూలన బొటనవేలితో అదిమి పట్టి స్విచ్ వేస్తే పలుకుతుందని కొన్నాళ్లు కనిపెట్టాడు. ఆ తర్వాత అదీ పనిచెయ్యలేదు. ఎండ కాసిన రోజు మేడ మీదికి తీసుకెళ్లి కాసేపు ఎండబెడితే మాత్రం బుద్ధిగా నడిచేది. అమ్మ వడియాలు పెట్టిన చీర పక్కనే కంప్యూటరు కూడా ఎండుతుండేది. కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టేవాళ్లు. కాకులకు కంప్యూటరుతో ఏం పనో నేను అడగలేదు.

అమ్మకు మాత్రం కారణం మొదటి రోజే తెలిసిపోయింది. దిష్టి. వాడకట్టు పిల్లలంతా వచ్చి కళ్లు పెట్టి చూస్తే తగలదా మరి. శుక్రవారానికి మంగళవారం కూడా తోడైంది. పసుపునీళ్లు పెరిగాయి, బొట్టు పెద్దదైంది, దానికి తోడు సాంబ్రాణి. నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ ధూపాన్ని కంప్యూటరు చుట్టూ చాలాసేపు తిప్పేది. చిత్రమేమిటంటే ధూపం వేసిన తర్వాత అది చాలాసార్లు నడిచేది. "సూస్తిరా?" అనేది అమ్మ. ఇప్పుడు తలుచుకుంటే అది దేవుడి మహిమ కాదు, నిప్పుల వేడికి లోపలి తేమ ఆరడం. కానీ ఆ వేడికి ఆరినదాన్ని తడిపిందీ అమ్మ పూజ పళ్లెమే. ఆ రెంటికీ ముడి అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు, డిప్లొమా చదివిన చిన్నాయనకు కూడా. వదినె చేతిలోంచి చెడ్డది ఏదైనా వస్తుందని ఆయనకు ఎట్లా తోస్తుంది?

చిన్నాయన మనసులో ఉన్నది ఊళ్లోనే పిల్లలకు కంప్యూటరు నేర్పించడం. బస్టాండు దగ్గర అద్దెకు ఒక మడిగె, చిన్న దుకాణం గది, చూసి పెట్టుకున్నాడు. పెట్టబోయే బడికి పేరు కూడా రాసిపెట్టుకున్నాడని తెలిసి, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని బాపు మళ్లీ నవ్వాడు. అంతలో నిజంగానే దారి దొరికింది. మా వైపు కొత్తగా కాలేజీ పెట్టినవాళ్లు కంప్యూటరు క్లాసులు మొదలుపెట్టాలనుకుంటున్నారు. చిన్నాయన సంగతి ఎవరో చెబితే, ఇంటికి వచ్చి మిషను చూస్తామని, నచ్చితే ఆయననే సారుగా పెట్టుకుంటామని కబురు చేశారు. ఆ నమ్మకంతో చిన్నాయన పట్నం పని మానేశాడు. మాల్ అనే ఊరి దగ్గర్నుంచి ఒక సంబంధం మాట్లాడి ఉంది. సర్కారుది కాకపోయినా సారు కొలువంటే సరేనని వాళ్లూ తలూపారు. అంతా ఆ ఒక్కరోజు మీదికి వచ్చి నిలబడింది.

అది శ్రావణ శుక్రవారం. ముందురోజు నుంచీ వదలని ముసురు. అమ్మ ఉపవాసం ఉండి, తలస్నానం చేసి, తెల్లారకముందే కంప్యూటరుకు ఎప్పుడూ చెయ్యనంత పూజ చేసింది. మీటల సందులు కూడా వదలకుండా పసుపునీళ్లతో తుడిచింది. వాళ్లు ముగ్గురు వచ్చారు. చాపలు కాదు, పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చి వేశాం. చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. స్విచ్ వేశాడు. గళ్లు. ఆపాడు, వేశాడు. గళ్లు. అదిమి పట్టాడు, తీగ తీసి పెట్టాడు, ఆపి కాసేపు ఆగి మళ్లీ వేశాడు. ఎండబెడదామంటే బయట ఎండ లేదు. "జర పొయ్యి కాడ వెచ్చగ వెట్టుకోనొస్త" అంటూ ఎత్తుకుని వంటింట్లోకి పోయాడు, వచ్చాడు. ఈసారి గళ్లు కూడా లేవు, నల్లటి తెర. అమ్మ తలుపు చాటు నుంచి వచ్చి, కొంగుతో దాని నుదురు తుడిచి మరో బొట్టు పెట్టింది. వచ్చినవాళ్లలో పెద్దాయన చాయ గ్లాసు కింద పెట్టి, "పూజలు మంచిగ జేస్తున్నరమ్మా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. కానీ చిన్నాయన మెడ వంగిపోవడం నేను చూశాను.

"నిన్న నడిచింది సార్. మొన్న గుడ నడిచింది," అన్నాడు.

"నడుస్తది, ఎందుకు నడ్వది? మల్ల కబురు వెడ్తం లే బాబు."

మర్యాదస్తులు, ఒక్కమాట తేలిక చేసి మాట్లాడలేదు. కబురు మాత్రం రాలేదు. పెళ్లివాళ్లూ మెల్లగా మాట మార్చుకున్నారు. చిన్నాయన పట్నం పని అప్పటికే వేరేవాడికి పోయింది. కొన్నాళ్లు మేడ మీద ఒక్కడే కూర్చునేవాడు. తర్వాత సాగర్ రోడ్డులో విత్తనాల దుకాణంలో గుమాస్తాగా చేరి, వెంట్రుకలు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. నా పూజలో ఏం లోపం జరిగిందోనని అమ్మ ఆ ఏడాదంతా కుమిలింది. ఒకసారి ముడుపు కట్టింది, ఒకసారి బోనం మొక్కుకుంది. ఎవరిని అడిగినా ఏదో ఒక లోపం చెప్పేవాళ్లు, ఆమె దానికీ ఒకటి చేసేది.

ఇప్పుడు పొద్దున పూట రోడ్డు మీదికి పోతే ఆదిభట్లకు పోయే కంపెనీ బస్సులు వరసగా వస్తాయి. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు, భుజాన సంచుల్లో కంప్యూటర్లు. అవి నడవకపోతే ఎవరి పెళ్లీ ఆగదు. ఇంకోటి ఇస్తారు, లేదంటే ఫోన్లో ఎవరో చెబితే సర్దుకుంటుంది. అందులో మా వాడకట్టు పిల్లలూ ఉన్నారు. చిన్నాయన దుకాణం అరుగు మీద నిలబడి ఆ బస్సులను చూసేవాడు. "మస్తు సదువుకుంటున్రు బిడ్డా పోరగాండ్లు" అనేవాడు, కడుపులో ఏమీ పెట్టుకోకుండా. నాకు మాత్రం ఆ బస్సులు చూస్తే ఒళ్లు మండేది. ఇంత రోడ్డు, ఇన్ని బస్సులు, ఇంత కాలం ఎక్కడ చచ్చాయి అనిపించేది. అన్యాయమని తెలుసు, బస్సులు ఏం చేస్తాయి? అయినా ఇప్పటికీ మండుతుంది.

సరే, మరమ్మతు సంగతికి వస్తాను. ఇప్పటి టీవీలకు దాని తీగ పట్టదు. మీర్‌పేట్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో పాత చిన్న టీవీ మూలన పడి ఉంటే తెచ్చుకున్నాను. భోజనాల బల్ల మీద అన్నీ పరిచి స్విచ్ వేస్తే, నా పరువు తియ్యడానికా అన్నట్టు మొదటిసారే నడిచింది. అమ్మను పిలుచుకొచ్చేలోపు గళ్లు. ఇన్నేళ్లయినా బుద్ధి మారలేదు. కరెంటు ఇచ్చే డబ్బా ముందు కొలిచాను, బాగానే ఉంది. తీగలు మార్చాను. ఎడమ మూల అదిమి చూశాను. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెనక అంచు మీద కాసేపు వేడిగాలి కొడితే ఠక్కున నడిచింది, చల్లారి వానగాలి తగిలితే మళ్లీ మొండికేసింది. పిల్లలకు పాఠం చెప్పినట్టు నాకు నేనే చెప్పుకున్నాను. వేడికి నడుస్తోంది, తేమకు ఆగుతోంది, అంటే లోపల ఏదో నీటిని పట్టి ఉంచుతోంది. ఇక మూత విప్పక తప్పదు.

స్క్రూల తలలు అప్పటికే గీసుకుపోయి ఉన్నాయి. ఎవరో ముందే విప్పారు. మూత ఎత్తగానే ఆ వాసన ముక్కుకు తగిలింది, చాలా సన్నగా. చిప్‌ల సందుల్లో, అవి కూర్చున్న గుంటల్లో, నల్లబడిన ఎరుపు. పటికా, నిమ్మరసమూ ఏళ్ల తరబడి తేమ పీల్చి రాగిని పచ్చగా తినేశాయి. రెండు చిప్‌ల మధ్య అక్షింత ఒకటి రాయిలా బిగుసుకుని ఉంది. కొన్ని చోట్ల బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచిన ఆనవాళ్లున్నాయి. ఒక చిప్ కాళ్లు మాత్రం తుప్పుకు సన్నబడి, ఒకటి విరగడానికి సిద్ధంగా ఉంది. ఎంత తుడిచినా అది బాగుపడేది కాదు. ఆ రోజుల్లో దానికి బదులు చిప్ కోఠి అంతా గాలించినా దొరికేది కాదు.

చేతిలోని మూతను పక్కన పెట్టబోతూ తిరగేశాను. అప్పుడు చూశాను, మూత లోపలి వైపు. గాలి చీలికలకు అడ్డంగా నల్లటి టేపు, వరసలు వరసలుగా, అంచులు వేలితో నొక్కి అంటించి ఉంది. చీలికల్లోంచి చూస్తే ఆ టేపు మీద కుంకుమ పేరుకుని ఉంది, ఎర్రగా, మందంగా. టేపు కింద పడ్డది నల్లబడ్డ పాత కుంకుమ. టేపు మీద పడ్డది ఆ తర్వాత ఏళ్లకేళ్లు పడ్డది. బాపు పోయాక అమ్మ కుంకుమ ముట్టడం మానేసింది, కాబట్టి అప్పటిదాకా పడ్డది. ఎవరు అంటించారో అడగక్కర్లేదు. చిన్నాయన ఎప్పుడో ఒకరోజు, అంతా చెయ్యి దాటిపోయాక, కోఠిలో అమ్మినవాడి మాట పక్కన పెట్టి మూత విప్పాడు. ఏం జరిగిందో చూశాడు. చేతనైనంత తుడిచి, చీలికలు మూసి, మళ్లీ బిగించాడు. ఆ పైన పడబోయే కుంకుమను ఆపమని మాత్రం చెప్పలేదు.

అప్పుడు నాకు ఒక శుక్రవారం గుర్తొచ్చింది. కొలువులో చేరిన కొత్తలో సెలవుకు ఇంటికి వచ్చాను. అమ్మ పళ్లెం పట్టుకుని గదిలోకి రాగానే, చిన్నాయన మంచం మీంచి తనే లేచి, కంప్యూటరు మీది దుప్పటి తీసి, "పెట్టు వదినె" అన్నాడు. నాకు చిరాకేసింది. నడవని డబ్బాకు ఇంకా పూజలేమిటి చిన్నాయనా అని అమ్మ వెళ్లాక గయ్‌మన్నాను. ఆయన దుప్పటి మళ్లీ కప్పుతూ, "ఉండనియ్యి బిడ్డా. ఆమె మనసు నిమ్మలముంటది" అన్నాడు.

చిప్ కోసం ఫోన్లో ఆర్డరు పెడితే వారం తిరక్కుండా ఇంటికొచ్చింది. ఎన్నో ఏళ్లు ఒక మనిషిని ఆపిన వస్తువు అగ్గిపెట్టెంత అట్టపెట్టెలో వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంటుంటే కన్నీళ్లాగలేదు, తెచ్చిన అబ్బాయి కంగారుపడ్డాడు. గుంటలన్నీ దూదిపుల్లలతో, స్పిరిటుతో కడిగాను. చిప్ మార్చాను. టేపు మాత్రం పీకలేదు, చెయ్యి రాలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు ఆపి వేసినా, బయట వాన పడుతున్నా, గీత మిణుకుమంటూ నిలబడుతోంది. అమ్మకు తేమ అని చెబుదామనుకున్నాను. అందులో అబద్ధం కూడా లేదు. చదువుకున్నవాళ్లకు ఇట్లాంటి సగం నిజాలు బాగా వచ్చు.

అమ్మను తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాను. తెర మీది గీతను చాలాసేపు చూసింది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకు అన్నీ బాగా కనిపిస్తాయి, మాకే ఆ సంగతి గుర్తుండదు.

"నడుస్తుంది గదా. మరి ఏమై ఉండె?"

"తేమమ్మా. వానలకు లోపల తేమ వట్టింది."

ఆమె నా మాట వింటూనే, బల్ల చివర పాత పేపరు మీద నేను పారెయ్యడం మరిచిన దూదిపుల్లల వైపు చెయ్యి చాచింది. ఒకటి తీసి వాసన చూసింది. నేను అందుకోబోయాను, అప్పటికే ఆలస్యమైంది.

"గిది నా కుంకుమ."

నేను మిగతా పుల్లలను నా వైపు జరుపుకున్నాను.

"లోపలికి వోయిందా?"

"జరంత వోయిందమ్మా. గని కరెంటు గుడ అప్పుడు..."

"పిల్లలకు సదువు జెప్పినదానివి. నాకు అబద్ధం జెప్పకు. గా దినం నడ్వకపోయింది గిందుకేనా?"

"అవ్‌నమ్మా. గిందుకే."

ఆమె తల ఊపింది. ఎవరో ధర చెబితే విన్నట్టు ఊపింది, అంతే. పుల్లను జాగ్రత్తగా పేపరు మీద తిరిగి పెట్టింది. నేను ఊపిరి పీల్చుకుందామనుకునేలోపే అడిగింది.

"ఆనికి ఎర్కనా?"

తెలియదంటే, తన చేతుల్లోనే ఏదో లోపముందని అనుకుంటూ చిన్నాయన పోయినట్టు. తెలుసంటే, ఆ నిజాన్ని ఆయన తన లోపలే మోసినట్టు. ఈ రెంటిలో ముసలితల్లి మోయగలిగిందేదో తూచడానికి నా ఫిజిక్స్ పనికిరాలేదు. లేచి మూత తెచ్చి, తిరగేసి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఎర్కనే. తర్వాత ఎప్పుడో ఇప్పి సూసిండు. నీ కుంకుమ లోపలికి వోకుంట గీ పట్టీ అంటించిండు."

"మరి నన్ను వెట్టొద్దనకపాయె."

"అనలేదమ్మా."

"దుప్పటి గుడ ఆడే తీసేటోడు," అంది తనలో తను.

టేపు మీద వేలు పెట్టి ఒక్కో వరసా తడిమింది. ఏడుస్తుందనుకున్నాను, నేనైతే ఏడుస్తూనే ఉన్నాను. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. మూత మీంచి చెయ్యి తీసి, ఆ కుడిచేతిని ఎత్తి, వేళ్లు విప్పి, ఎవరిదో పరాయి చేతిని చూసినట్టు చూసుకుంది.

"అంత ఎర్కుండి గుడ, ఆఖరి దినం దాంక గీ చేతి ముద్దనే తిన్నడు గదనే," అంది.